గుట్ట ఎక్కనన్న బండి

మా ఎదురింటి టీచరమ్మ పోయింది. అమ్మ ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను ఖమ్మంలో, మా ఆఫీసు క్యాంటీన్లో సమోసా తింటున్నాను. గుండె ఆగిపోయిందట, అదీ బడి సెలవు రోజున. బడి ఉన్న రోజయితే ఆగేది కాదని మా వీధి అభిప్రాయం. నాదీ అదే. సగం సమోసా చేతిలో పట్టుకునే మా ఊరు చర్ల బస్సు ఎక్కాను.

ఆమె ఇల్లు మా ఇంటికి ఎదురుగా. ఉద్యోగం మాత్రం గుట్ట మీద, అడవి లోపల, ఒక గూడెం బడిలో. ఆ బడికి టీచరు ఆమె, హెడ్మాస్టరు ఆమె, గంట కొట్టేదీ ఆమే. ‘టీచర్ గారు’ అని పిలిస్తే విసుక్కునేది. “గారు తగిలిస్తే నేనేదో తనిఖీకి వచ్చినట్టుంటది” అనేది. అందుకని ఈ నాలుగు మాటల్లో కూడా గారు లేదు. పాఠకులు మన్నించాలి, ఆమె మన్నించినట్టే.

చేతిసంచిలో సుద్దముక్కలు, దువ్వెన, గోళ్లు తీసేది, ఎప్పుడూ ఈ మూడూ ఉండేవి. గూడెం పిల్లల కోసం కోయ భాష నేర్చుకుంది, కాని ముందుగా నేర్చుకున్నవి తిట్లు. ఎందుకని అడిగితే, “తిట్టు వాళ్ల భాషల ఉంటేనే పాఠం నా భాషల ఎక్కుతది” అంది. విద్యాశాఖ వారు ఈ సూత్రాన్ని పరిశీలించవలసిందిగా మనవి.

నేను బీటెక్ మెకానికల్ చివరి సంవత్సరంలో ఉండగా ఆమె బండికి పికప్ పోయింది. గేర్లు లేని చిన్న స్కూటర్ అది. స్టార్టయ్యేది, చదునులో బుద్ధిగా నడిచేది. రేస్ ఇస్తే మాత్రం గొంతు పెంచేది తప్ప వేగం పెంచేది కాదు. గుట్ట ఎక్కుడులో మరీ అన్యాయం. కట్టెల మోపు నెత్తిన పెట్టుకున్న ఒక అవ్వ పక్కనుంచి దాటిపోతూ, “ఏం టీచరమ్మా, నా ఎంబడి నడుస్తవా, జల్దీ పోతం” అన్నదట. ఈ సంగతి టీచరమ్మే వీధంతా చెప్పి నవ్వింది.

నవ్వే సంగతి కాదని ఆమెకూ తెలుసు. ఆమె ఆలస్యమైతే గూడెం పిల్లలు ఆగరు. బడి తలుపుకు తాళం చూసి మేకల వెంట వెళ్లిపోతారు. ఒకసారి మేక వెంట పోయిన పిల్లవాణ్ణి మళ్లీ అక్షరం వెంట తేవడానికి నెల పడుతుందనేది. సరిగ్గా ఆ వారమే బదిలీలు వచ్చాయి. చర్లలోనే, ఇంటినుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక ఖాళీ ఉంది. పేరు ఇవ్వడానికి సోమవారం ఆఖరు. ఆమె భర్త, నేను బాబాయి అని పిలిచే రిటైర్డ్ బస్సు కండక్టరు, ఆ ఖాళీ మీద మనసు పడ్డాడు.

“బండే వద్దంటున్నది. నువ్వెందుకు మొండికేస్తవ్” అన్నాడు.

“బండి వద్దంటలేదు. ఎక్కుతలేదు. రెండూ ఒక్కటి గాదు.”

“నువ్వు పోకుంటే గూడేనికి ఇంకోలు వస్తరు.”

“నాకంటే ముందు ఎవరొచ్చిండ్రు? ఒక్క పేరు చెప్పు.”

చివరికి ఒప్పందం కుదిరింది. ఆదివారం పొద్దుగూకేలోగా బండి గుట్ట ఎక్కితే గూడెం బడి, ఎక్కకపోతే చర్ల బడి.

ఇక వీధి వీధంతా వైద్యులే. కిరాణా కొట్టాయన పెట్రోలు కల్తీ అన్నాడు. మా నాన్న ఇంజిన్ అరిగి బోరుకొచ్చింది, అమ్మేయమన్నాడు. మా అమ్మ నిమ్మకాయ మార్చమంది. టీచరమ్మ నావైపు తిరిగింది.

“ఏరా ఇంజనీరూ, నువ్వేమంటవ్?”

నేను గొంతు సవరించుకుని, బెల్టు, క్లచ్చు, కార్బొరేటరు, అన్నీ ఒకేసారి మార్చేయడం శ్రేయస్కరమని తీర్పు చెప్పాను.

“అన్నీ మార్చినంక బాగైతే, దేనివల్ల బాగైనట్టు?”

“ఏదో ఒకదానివల్ల బాగైతది కద టీచరమ్మా.”

“మళ్ల పాడైతే మళ్ల అన్నీ మారుస్తవా? ఒకసారికి ఒక్కటే ముట్టుకో. ముట్టుకున్నంక పరీక్ష పెట్టు. పరీక్ష మారొద్దు. అదే గుట్ట, అదే పుస్తకాల కట్ట.”

తర్వాత చెప్పిన మాట నాకు ఇప్పటికీ పనికొస్తోంది. “మా బడిల కొత్త పోరడు సదువుతలేడనుకో, మొద్దు అని రాసెయ్యను. ఫస్టు, ఎనకనుంచి ఎవరన్న పట్టుకున్నరా చూస్త. ఇంట్ల చంటిపిల్లను ఎత్తుకునే పనో, పశువుల పనో ఉంటది. రెండోది కడుపు. మూడోది ముక్కు. జలుబుతోని ఊపిరాడని పిల్లకు అఆలు ఏం ఎక్కుతయ్? గివన్నీ మంచిగున్నయంటేనే తలకాయ సంగతి. బండికైనా గంతే. తలకాయ ఆఖరుకు ఇప్పుదాం.”

తలకాయ అంటే ఇంజిన్ అని నేను గ్రహించాను. నాలుగేళ్ల ఫీజు కట్టిన వాడిని కదా.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాం. ముందు, ఎవరైనా పట్టుకున్నారా అన్న సంగతి. బండిని డబుల్ స్టాండు వేసి వెనక చక్రం చేత్తో తిప్పితే రంగులరాట్నంలా తిరిగింది. ముందుదీ అంతే. అంటే బ్రేకులు చక్రాలను పట్టుకుని లేవు. టైర్లలో గాలి తక్కువగా ఉంటే కొట్టించాం. గుట్ట దగ్గరికి పోయి పరీక్ష పెట్టాం. సగం ఎక్కి ఏడ్చింది.

తర్వాత కడుపు. ట్యాంకులోంచి పెట్రోలు కాస్త గాజుసీసాలోకి తీసి కదలకుండా పెట్టాం. అడుగున నీళ్లు తేరలేదు, మడ్డి లేదు. ఆ సీసాను కిరాణా కొట్టాయనకు చూపించి వచ్చింది టీచరమ్మ. ఆయన వెలుతురుకు పెట్టి చూసి, “అయితే నిమ్మకాయే” అన్నాడు.

బాబాయి గళ్ల తువాలు భుజాన వేసుకుని ఇదంతా అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. మధ్యాహ్నం దాటుతున్న కొద్దీ ఆయన ముఖం తేటపడుతోంది. ఆమె ముఖంలోనే నవ్వు తగ్గింది. స్క్రూడ్రైవర్ నాకు అందిస్తూ నెమ్మదిగా అంది, “రెండో తరగతిల ఒక పిల్ల ఉందిరా. మొన్ననే తన పేరు తను రాసింది.”

ఇక ముక్కు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా దగ్గర ప్లాస్టిక్ మూత ఊడదీసి లోపలికి చెయ్యి పెట్టాను. గాలి పీల్చుకునే గొట్టం మూతికి ఏదో మెత్తగా తగిలింది. లాగితే వచ్చింది: గళ్ల తువాలు ముక్క, నాలుగు మడతలు వేసి, సుతిలి తాడుతో బిగించి కట్టింది. ఎర్రదుమ్ము, పొద్దటి మంచు కలిసి దాని మీద రొట్టెలా గట్టిపడ్డాయి.

టీచరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. ఆ గళ్లు మా అందరికీ తెలిసినవే. ముగ్గురం అరుగువైపు చూశాం, అంటే నేను, ఆమె, టీ తెచ్చిన మా అమ్మ.

“ఇదేంది?” అంది టీచరమ్మ.

బాబాయి లేచి నిలబడ్డాడు. “దుమ్ము పోతదని కట్టిన. లారీలు దిగితే మనం ముక్కుకు తువాలు కట్టుకుంటలేమా? దానికి గూడ కట్టిన.”

“ఎప్పుడు?”

“చలికాలం పడంగనే. నీ బండి పదికాలాలు మంచిగుండాలనే కట్టిన, ఒట్టు.”

అబద్ధం కాదు. గుట్ట బాటలో పోయేవాళ్లంతా ముఖానికి తువాలు చుట్టుకునే పోతారు. బస్సులో ముప్పై ఏళ్లు రోడ్ల దుమ్ము మింగిన మనిషి, బండికి ముక్కు ఉందని తెలియగానే ఇంకేం చేస్తాడు. టీచరమ్మ కోప్పడుతుందనుకున్నాం. ఆమె తువాలును బకెట్లో నానబెట్టి, ఉతికి, తీగ మీద ఆరేసింది. “నీకే కట్టుకో. నోరు గూడ మూస్తది” అంది.

ఇంకేమీ ముట్టుకోకుండా గుట్ట దగ్గరికి పోయాం. పుస్తకాల కట్టతో బండి మలుపు దాటింది, చివరిదాకా ఒకే గొంతుతో ఎక్కింది. ఒప్పందం ప్రకారం పని అయిపోయింది. ఆమె మాత్రం వెనక్కి దిగివచ్చి బాబాయి ముందు బండి ఆపింది.

“ఎక్కు.”

“పరీక్ష మారొద్దంటివి కద.”

“పుస్తకాలను మోసింది. నీ అనుమానాన్ని మోస్తదో లేదో చూద్దాం. ఎక్కు.”

ఎక్కాడు. అన్నేళ్లలో ఆయన ఆ గూడెం చూడటం అదే మొదటిసారి. పొద్దుగూకే వేళకు తిరిగొచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు. తర్వాత నాతో అన్నాడు: “ఆదివారమని చెప్పినా ఇంటలేర్రా. బండి చప్పుడు ఇని పలకలు పట్టుకొని లైన్ల నిలబడ్డరు. ఒక పిల్లయితే నా చెయ్యి మీద తన పేరు రాసింది.” సుద్ద గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. సోమవారం వచ్చింది, పోయింది. బదిలీ ఊసు ఆ ఇంట్లో మళ్లీ రాలేదు. ప్రతి ఆదివారం ఫిల్టర్ డబ్బా తుడవడం బాబాయి ఉద్యోగమైంది.

ఆమె పోయాక మా అందరి భయం ఒకటే: ఇక ఆ బడికి ఎవరు పోతారు. దశదినకర్మ రోజు ఒక అమ్మాయి వచ్చింది, కల్లూరు వైపునుంచి. గూడేనికి వేసిన కొత్త టీచరు. గుట్ట పైకి బస్సు లేదని విని వేరేచోటు అడుగుదామనుకుంటున్నానని నిజమే చెప్పింది. బాబాయి కాసేపు విన్నాడు. లోపలికి పోయి బండి తోలుకొచ్చాడు.

“తీస్కపో బిడ్డా. దానికి తోవ ఎరుకే.”

“నాకు గుట్టల మీద అలవాటు లేదండి.”

“ఎక్కకపోతే మొద్దనకు. ఎవరన్న పట్టుకున్నరా, కడుపు ఎట్లుంది, ఊపిరి ఆడుతున్నదా, ఫస్టు గవి చూడు. మిగతాది గీ ఇంజనీరుకు ఫోన్ చెయ్యి.”

అలా నాకు జీవితకాలపు ఉద్యోగం దొరికింది.

మర్నాడు పొద్దున బాబాయి, నేను గుట్ట కింద నిలబడ్డాం. ఆ అమ్మాయి పుస్తకాల కట్ట ముందు పెట్టుకుని బయలుదేరింది. లేచిన దుమ్ములో బండి కనిపించకుండా పోయింది, చప్పుడు మాత్రం వినిపిస్తోంది. బాబాయి ముక్కుకు గళ్ల తువాలు కట్టుకుని, తల ఒక పక్కకు వంచి వింటున్నాడు. మలుపు దగ్గర బండి గొంతు మారలేదు. అది దాటి, ఇంకా పైకి పోయి, సన్నబడింది. కాసేపటికి పైనుంచి పిల్లల కేక ఒకటి వినిపించింది.

బాబాయి తువాలు విప్పాడు. ముఖమంతా ఎర్రదుమ్ము, తువాలు ఉన్నంత మేర మాత్రం తెల్లగా, కడిగినట్టు ఉంది. నోరు తెరిచి నిండా ఊపిరి పీల్చుకున్నాడు.