నల్ల కోటు వేసుకున్న అంజనం

ఆ టీవీ ధారావాహికను పత్రికలన్నీ పోటీపడి పొగిడాయి. మండుటెండలోనూ చెమట పట్టని పొడుగాటి నల్ల కోటు, వానలో మెరిసే రోడ్లు, నీలం వెలుగు. దొంగ ఎవరో తేలనప్పుడు అందులోని డిటెక్టివు తన ఉంగరంలోని నల్లరాయిని బొటనవేలితో రుద్దుతాడు. రాతిలో దొంగ మొహం కనిపిస్తుంది. కేసు అయిపోయింది. మనకూ ఒక సూపర్ హీరో దొరికాడని రాశారు. సాక్ష్యం వెతకనివాడు డిటెక్టివు ఎలా అవుతాడని ఒక్కరూ అడగలేదు.

నేనూ అడగలేదు. తొంభైల చివర్లో కొవ్వూరులో ఉంటూ రాజమండ్రి వారపత్రిక ఒకదానికి టీవీ సమీక్షలు రాసేవాణ్ణి. మొదటి వారం ఆ కోటును నేనూ మెచ్చుకున్నాను. మా వీధిలో పెద్ద టీవీ ఒక రైతుగారింట్లో ఉండేది. శుక్రవారం సాయంత్రం వీధంతా ఆయన వసారాలోనే.

ఆ ఇంట్లో కోడలి గొలుసు కనబడకుండా పోయింది. అంజనం వేసేవాణ్ణి పిలిపించారు. వాడు తమలపాకు మీద నల్లటి మసి పూసి, దాంట్లోకి తేరిపార చూసి, తట్ట ఎత్తుకున్న ఆడమనిషి కనిపిస్తోందన్నాడు. మా వీధికి తట్టతో వచ్చేది గోదారి చేపలు అమ్మే ఆవిడ ఒక్కతే. మర్నాటి నుంచి ఒక్క గుమ్మమూ ఆమెను పిలవలేదు.

“ఆకులో మసి చూసి మనిషిని దొంగంటారేంటండీ?” అని రైతుగారిని నిలదీశాను.

“మీరు మెచ్చుకున్న ఆ కోటాయన రాయిలో చూసి చెప్పట్లేదా మేస్టారూ? అదైతే స్టైలు, మాదైతే మూఢనమ్మకమా?”

రాయిని పొగిడిన మేమే ఆకుకు పరువు తెచ్చిపెట్టాం.

నెల తిరక్కుండా గొలుసు పట్టుచీర మడతల్లో దొరికింది. చీర బీరువాలో ఉంది. బీరువా తాళం రైతుగారి భార్య నడుముకు ఉంది. అయినా ఆయన, “అంజనానికి భయపడి ఆ చేపలావిడే తెచ్చి పెట్టుంటుందండి” అన్నారు.

ఒళ్లు మండిపోయింది. ఆ పూటే సమీక్ష రాశాను. మొదటి రెండు పేరాల్లో ఆ కోటు గురించి, కెమెరా పనితనం గురించి. మిగతాదంతా ఆ ఉంగరం గురించి, ఊరు పేరు లేకుండా ఆ చేపలావిడ గురించి, బీరువా తాళం గురించి. రేవు దగ్గర ఆమెకు చెప్పాను.

“నా సంగతి అచ్చేస్తారాండీ?” అని రెండుసార్లు అడిగింది.

గురువారం పత్రిక వచ్చింది. మొదటి రెండు పేరాలే ఉన్నాయి. బస్సెక్కి వంతెన దాటి సంపాదకుడి దగ్గరికి వెళ్లాను.

“చదివేవాళ్లకి కోటు కావాలండీ, చేపలెందుకు? పైగా వచ్చేవారం ఆ హీరో ఇంటర్వ్యూ వేస్తున్నాం” అన్నారాయన, టీ చప్పరిస్తూ.

తిరిగొచ్చేసరికి ఆమె పత్రిక కొని పట్టుకుని నా గుమ్మంలో కూర్చుంది. చదివి వినిపించక తప్పలేదు.

“కోటు గురించి బాగా రాసారండి” అంది. “నా ముక్కేదండి?”

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. మర్నాడు సాయంత్రం ఆమెను వెంటబెట్టుకుని ఆ వసారాకు వెళ్లాను. ఆమె తట్టతో గేటు దగ్గర ఆగింది. మొదటి ప్రకటన రాగానే టీవీకి అడ్డంగా నిలబడి, నా కార్బన్ కాపీ తీసి, కొట్టేసిన పేరాలన్నీ చదివాను. బీరువా తాళం దగ్గరికి వచ్చేసరికి రైతుగారి భార్య కొంగు సర్దుకుంది.

“ప్రకటనలైపోయాయి మేస్టారూ, తప్పుకోండి” అన్నారు రైతుగారు. నా వెనక ఆ డిటెక్టివు రాయి రుద్దుతున్నాడు. జనం మెడలు చాచి నా పక్కనుంచి చూస్తున్నారు.

కోడలు ఒక్కతే లేచింది, మెడలో ఆ గొలుసుతోనే. గిన్నె తెచ్చుకుని గేటు దగ్గరికి నడిచి, “ఇవాళేం చేపలు తెచ్చావ్?” అని అడిగింది.

చేపలావిడ తట్ట మీద గోనెపట్టా తియ్యలేదు.

“మీ మావగారిని ఆకులో చూసుకుని చెప్పమనండమ్మా,” అని వసారా అంతా వినబడేలా అని, తట్ట నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.