ధారకు ఎదురెక్కినవి

మా మావయ్యది పైపులు బిగించే పని. మనుషుల్ని పెద్దగా నమ్మడు, ఏటవాలును నమ్ముతాడు. నీళ్లు కిందికి పోతున్నంతసేపూ మురికి పైకి రాదన్నది ఆయన చదువంతా.

ప్రోస్టేట్ ఆపరేషన్ చేసి మూత్రానికి గొట్టం వేశారు. తీసేసే రోజు వచ్చినా ఒప్పుకోలేదు. "తీశాక రాకపోతే? ఉండనీ. గొట్టం మోసం చెయ్యదు" అన్నాడు. ఇంటికొచ్చాక గొట్టానికీ మూత్రం పట్టే సంచికీ మధ్య అతుకు ఆయనకు నచ్చలేదు. రోజూ ఊడదీసి, కుళాయి కింద కడిగి, తన పనిసంచిలోని తెల్లటేపు చుట్టి బిగించేవాడు.

"నర్సు ముట్టుకోవద్దందిగా!" అంది అత్తయ్య.

"నర్సు ఎన్ని ఇళ్లకి పైపులేసిందేం? ఎప్పుడూ కిందికే కారేదాంట్లో పైకేం పోతుందే?"

ఆ నర్సు కారణం చెప్పలేదు. మాలాంటివాళ్లకు ఆజ్ఞలు చాలునని వాళ్ల లెక్క.

తర్వాత చలిజ్వరం, మంచం కదిలేంత వణుకు, నడుం పక్కన పోటు. ఆసుపత్రిలో చిన్న డాక్టరమ్మ పరీక్షలు చూసి, క్రిములు కిడ్నీదాకా చేరాయంది. రోజూ ఊడదీసిన ఆ అతుకు దగ్గర దూరి, గొట్టం లోపలి గోడ పట్టుకుని ఎక్కాయట.

అంత జ్వరంలోనూ మావయ్య నవ్వాడు. "ధారకి ఎదురా? నిచ్చెనేసుకున్నాయా తల్లీ?"

ఆమె ఫోన్‌లో మైక్రోస్కోపుతో తీసిన ఒక వీడియో పెట్టింది. సన్నటి గొట్టంలో నీళ్లు కుడివైపుకు పరుగెడుతున్నాయి. గోడనంటుకున్న పుల్లల్లాంటివి కుదుపుకో అడుగు చొప్పున ఎడమవైపుకు పోతున్నాయి. బ్యాక్టీరియా తోకతో ఈదుతుందనే నేను చదివాను. ఇక్కడ ఈతే లేదు.

"వీటి కొసన వెంట్రుకలుంటాయి పెద్దాయనా, ఇందులో కనబడనంత సన్నం. ఒకే ప్రోటీన్ ముక్క వేల సార్లు పేర్చి చేసినవి. ముక్క గరిటెలా ఉంటుంది. కాడలన్నీ లోపల ఒత్తుగా అల్లుకుంటాయి, తలలు బయటికి. క్రిమి ఆ వెంట్రుక విసిరి గోడకి అంటిస్తుంది. తర్వాత మొదట్లోంచి ముక్కలు విప్పేస్తుంది. వెంట్రుక పొట్టిదై ఒళ్లు ముందుకి లాగబడుతుంది."

"విప్పిన ముక్కలో?"

"దాని పైపొరలోనే దాచుకుని మళ్లీ వాడుతుంది."

"నాకంటే పొదుపు మేస్త్రీ" అన్నాడు మావయ్య. గొంతులో నవ్వు లేదు.

"వెంట్రుకలున్న కొస గోడకి అంటుకున్నాక ధార మిగతా ఒంటిని వెనక్కి తోస్తుంది. అంటే తల ధారకి ఎదురుగా తిరుగుతుంది. అప్పుడు లాగితే పైకే."

"అంటే... నీళ్లే దారి చూపిస్తున్నాయా?"

ఆమె తలూపింది. మావయ్య తన గొట్టం వంక, పాము పక్కలో దూరిందని తెలిసినవాడిలా చూశాడు.

జ్వరం దిగాక డాక్టరమ్మ ఉన్న మాట చెప్పింది. గొట్టం తీసేస్తారు. మూత్రం దానంతటది రాకపోతే మళ్లీ గొట్టమే. మళ్లీ ఇవి ఎక్కితే కిడ్నీ దక్కుతుందన్న హామీ లేదు.

"తీసెయ్యమ్మా" అన్నాడు, తీయనివ్వనన్న మనిషే.

తీశాక కడుపు నిండా నీళ్లు తాగించారు. మావయ్య బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. బయట అత్తయ్య, నేను. ఎంతసేపటికీ చప్పుడు లేదు.

"ఏమండీ?"

"రావట్లేదే." ఆ గొంతు నేనెన్నడూ విననిది. "బయట కుళాయి తిప్పు. ఆ చప్పుడికైనా..."

అత్తయ్య వాష్‌బేసిన్ కుళాయి పూర్తిగా తిప్పింది. నర్సు కొత్త గొట్టం పొట్లం పట్టుకుని వచ్చి నిలబడింది. ఎవరం ఎవరి మొహమూ చూసుకోలేదు.

కాసేపటికి అత్తయ్య ఉన్నట్టుండి కుళాయి కట్టేసింది.

నీళ్ల చప్పుడు ఆగలేదు. తలుపు అవతలినుంచి, తెగుతూ అతుకుతూ, వస్తూనే ఉంది.