దొరసాని కింద పలక

ఆ రోజుల్లో డిగ్రీ పాసై ఇంట్లో కూర్చున్న కుర్రవాడికి ఈ లోకంలో తెలియని విద్యంటూ ఉండేది కాదు. ఫ్యాను తిరక్కపోయినా, బోరు నీళ్ళు పొయ్యకపోయినా, పక్కింటి వాళ్ళ టీవీలో బొమ్మ వంకరగా వచ్చినా "నేను చూస్తా ఉండండి" అని ముందుకు దూకేవాళ్ళం. చూడటం వరకూ బాగానే చూసేవాళ్ళం. ఆ తర్వాత ఆ ముక్కలన్నీ సంచిలో వేసుకుని బజారులో రిపేరు దుకాణానికి మోసుకుపోయేది మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళు. మార్కాపురంలో మా వీధికి అలాంటి సకల విద్యా పారంగతుణ్ణి నేనే. ఇవాళ కుళాయికి వాషరు మార్చాలన్నా ఫోను చేసి మనిషిని పిలిపించుకునే నేను, ఆ వయసులో ఏకంగా కారు గేరుబాక్సు మీద చెయ్యి వేశానంటే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

మాకో పాత కారుంది. తెల్లగా, బొద్దుగా, ఎటు చూసినా గుండ్రంగా ఉంటుంది. మా తాత పలకల ఫ్యాక్టరీ ఓనరు దగ్గర డ్రైవరుగా చేసిన కాలం నాటిది. పెళ్ళికి ఓనరు గారు ఆ కారే ఇచ్చి పంపితే, తాత గిద్దలూరు వెళ్ళి తాళి కట్టి, పెళ్ళికూతుర్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తనే నడుపుకుంటూ మార్కాపురం తెచ్చాడట. (బాసికం కళ్ళకు అడ్డం వస్తుంటే పక్కకు జరుపుకుంటూ నడిపాడని అవ్వ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.) తర్వాత అవ్వ కూడా అదే ఫ్యాక్టరీలో చేరి, పలకలకు చెక్క చట్రాలు బిగించి, తుడిచి, కట్టలు కట్టే పనిలో ముప్ఫై ఏళ్ళు చేసింది. ఓనరు గారు కొత్త కారు కొన్నాక పాతది తాతకే ఇచ్చేశాడు. తాత దానికి దొరసాని అని పేరు పెట్టుకున్నాడు. ఆయన పోయిన ఏడాదికి దొరసాని గేరుబాక్సు వెనక నుంచి చుక్కా చుక్కా నూనె కార్చడం మొదలుపెట్టింది. మీ తాత కోసం ఏడుస్తాందిరా అనేది అవ్వ. నూనె ఆపే ఆయిల్ సీలు పోయిందే అనేవాణ్ణి నేను.

మా నాయన బడిపంతులు. అప్పుడే వాకిట్లో నున్నటి కడప బండలు పరిపించి, వాటి మీద చెప్పులతో నడిచేవాళ్ళను కూడా కోపంగా చూస్తున్న రోజులవి. ఆ బండల మీద రోజూ పొద్దున్నే అరచేతంత నల్ల మరక. నాలుగు రోజులు ఓర్చుకున్నాడు, ఐదో రోజు తేల్చేశాడు.

"గిద్దలూరు నుంచి పాత ఇనుము కొనే ఆయన ఆదివారం వస్తాడు. ఇచ్చి పంపిస్తా. ఇంక దీని సంగతి ఎవురూ మాట్లాడొద్దు."

అవ్వ ఏమీ అనలేదు. అరుగు మీద కూర్చుని దొరసాని వంక చూస్తూ ఉండిపోయింది. ఆవిడ అరిచి గోల చేసుంటే నాకు అంత బాధ ఉండేది కాదేమో. ఆ మౌనం చూడలేక "నాయనా, సీలు నేను మారుస్తా, చుక్క కారకుండా చేస్తా" అనేశాను. నాయన నన్ను ఎగాదిగా చూసి, పంతులు కాబట్టి పరీక్ష పెట్టాడు. మార్కాపురం పంతులు కాబట్టి పలక మీద పెట్టాడు. మరమ్మతు అయ్యాక గేరుబాక్సు కింద కొత్త పలక పెట్టాలి. మూడు రోజులు పొద్దున్నే ఆయనే వచ్చి చూస్తాడు. ఒక్క చుక్క కనబడినా దొరసాని ఇనుప సామానులోకే.

నేను వెంటనే బేస్తవారిపేటలో ఉన్న మేనత్త కొడుకుని, అంటే మా బావని పిలిపించాను. బావ ఒకసారి ట్రాక్టరు విప్పాడు. (తిరిగి ఎవరు బిగించారన్నది మా వంశంలో ఎవరూ అడగకూడని ప్రశ్న.) వస్తూనే చొక్కా విప్పి పక్కన పడేసి, "ట్రాక్టరు విప్పినోనికి కారొక లెక్కా బామ్మర్దీ?" అన్నాడు. ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుందని సీళ్ళు రెండు కొనిపించాడు. ఆయనలోని ఆ ఒక్క అనుమానమే చివరికి మమ్మల్ని కాపాడింది.

జాకీ పెట్టి లేపి, దుంగలు ఆనించి, ఇద్దరం కిందికి దూరాం. గేరుబాక్సు నుంచి వెనక చక్రాలకు పోయే పొడవాటి రాడ్డును విప్పి లాగాలి. అంతకుముందు గేరుబాక్సులో నూనె దించుకోవాలన్న సంగతి, రాడ్డు ఊడి వచ్చి నూనె బావ మీసాల మీద ధారగా పడ్డాక గుర్తొచ్చింది. బావ ఉమ్మేసుకుంటూనే "చూసినావా, నూనె ఇంకా జిగటగానే ఉంది" అని పరీక్షా ఫలితం చెప్పాడు. పాత సీలు ఒక పట్టాన రాలేదు. స్క్రూడ్రైవరుతో పొడిచి, పెకలించి, దాన్ని బయటికి తీసేసరికి అది సీలు రూపంలో లేదు. కాబట్టి అది ఎటు తిరిగి ఉండేదో మా ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

కొత్త సీలు ఉంగరం లాంటిది. ఒక వైపు నున్నగా ఉంది, ఇంకో వైపు లోపల సన్నటి స్ప్రింగు మెరుస్తోంది. ఏ వైపు లోపలికి పోవాలి? బావ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మెరిసే వైపు ఎవురన్నా లోపలికి పెట్టి దాస్తారంట్రా? బయటికే పెట్టాల."

అప్పుడే అరుగు మీద నుంచి అవ్వ "ఒరే అబ్బాయిలూ, ఆ స్ప్రింగు..." అంటూ ఏదో చెప్పబోయింది. "అవ్వా, ఇది పలకల పని కాదులే, నువ్వు ఊరకుండు" అన్నాను నేను. ఆ మాట అన్నది బావ అని చాలా ఏళ్ళు చెప్పుకుని తిరిగాను. కాదు, నేనే.

సీలు దిగ్గొట్టి, రాడ్డు ఎక్కించి, కొత్త నూనె పోసి, పలక పెట్టాం. మొదటి రోజు పొద్దున్నే నాయన పంచె ఎగ్గట్టి వంగి చూశాడు. పలక అద్దంలా ఉంది. రెండో రోజు వేలితో రాసి చూశాడు. అద్దమే. మూడో రోజు కళ్ళజోడు పెట్టుకుని, పలకను ఎండలోకి తెచ్చి అటూ ఇటూ తిప్పి, ఇక తప్పదన్నట్టు "పాసైనారు పోండి" అన్నాడు. మేం చంకలు గుద్దుకున్నాం. బావ అయితే వీధిలో ఇంకెవరికైనా సీళ్ళు మార్చాలేమోనని వాకబు కూడా చేశాడు. ఆ మూడు రోజులూ మా అమ్మ మాత్రం వేరే గొడవలో ఉంది. "ఏందత్తా, నీ కోక చెంగుకు ఈ నల్ల మరక? ఎంత రుద్దినా పోయేట్టు లేదే" అని అడిగేది. అవ్వ పెరటి వైపు తల తిప్పి "ఈ యేడు జామకాయలు బాగా కాసినయ్యే" అనేది.

ఆ ఆనందంలో నాయన, ఆదివారం ఇనుము ఆయన్ని రావద్దని చెప్పేసి, అవ్వను దొరసానిలోనే గిద్దలూరు పుట్టింటికి తీసుకుపోతానన్నాడు. అవ్వ ముందు సీట్లో పెళ్ళికూతురిలా కూర్చుంది. వెనక నేనూ బావా కాలరెగరేసుకుని కూర్చున్నాం. దారిలో బేస్తవారిపేటలో టీ తాగడానికి మేనత్త ఇంటి ముందు ఆపాం. టీ గ్లాసులు ఇంకా చేతికి రానేలేదు, వాకిట్లోంచి మేనత్త కేక.

"ఎవుర్రా నా ముగ్గు మీద ఇంత నూనె పోసింది?"

అందరం బయటికొచ్చాం. దొరసాని కింద మడుగు. వచ్చిన దారి పొడవునా చుక్కల వరస. నాయన ఆ చుక్కల్ని చూశాడు, మమ్మల్ని చూశాడు. తర్వాత మెల్లగా అవ్వ చెంగు మీది నల్ల మరకను చూశాడు.

"అమ్మా, పలక తుడిచినావా?"

"తుడిచినా" అంది అవ్వ. "కళ్ళాపి చల్లేదానికి లేచి, మూడు దినాలూ తుడిచినా. ముప్ఫై యేండ్లు పలకలు తుడిచిన చెయ్యి పంతులూ ఇది. మరక కనపడితే ఊరకుంటాదా?" అని, అంతలోనే గొంతు తగ్గించి, "అబద్ధమెందుకు, మరక కోసం గాదు. దాన్ని తునకలు జేసి త్రాసులో ఏసేది తల్సుకుంటే నాకు పానం ఒప్పలేదురా" అంది.

దొరసాని పని అయిపోయినట్టే అనుకున్నాను. నాయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, "ఇరవై రెండేండ్ల సర్వీసులో ఎంతమంది పిల్లోళ్ళ కాపీ పట్టుకున్నానో" అన్నాడు. "కన్నతల్లే కాపీ కొట్టిస్తే డిబారు జేసేది ఎట్లనో మాకు ట్రైనింగులో చెప్పలేదు." అని పకపకా నవ్వాడు. ఆయన నవ్వడం చూసి మేనత్త నవ్వింది, అవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని (ఆ మరక చెంగే) నవ్వింది. మా ఇద్దరికీ నవ్వాలో వద్దో తెలియలేదు.

"ఇంతకీ తప్పు యాడ జరిగిందో?" అని గొణిగాడు బావ.

"స్ప్రింగు నూనె వైపు ఉండాల. లోపలికి" అంది అవ్వ ఠక్కున. "మీ తాత కూడా ఒకతూరి తిరగేసి కొట్టి మల్లా విప్పినాడు. ఆయన బండి కింద పండుకుంటే పానాలూ స్క్రూడ్రైవర్లూ అందిచ్చింది ఎవురనుకున్నారు? నేనాపొద్దు చెప్పబోతే, పలకల పని కాదంటిరి."

నేను తల ఎత్తకుండా డిక్కీ తెరిచాను. రెండో సీలు బావ సంచిలోనే ఉంది. మేనత్త వాకిట్లోనే దొరసానిని లేపాం. ఈసారి అవ్వ పీట వేసుకుని పక్కనే కూర్చుంది. ముందు నూనె దించమంది, దించాం. సీలు అంచుకు గ్రీజు పుయ్యమంది, పూశాం. "ఒక పక్కనే కొట్టొద్దురా, చట్రం బిగించినట్టు నాలుగు దిక్కులా సమంగా కొట్టాల" అంది, అలాగే కొట్టాం. అంటే అది కొంతవరకు పలకల పనే. మధ్యాహ్నం భోజనాలు చేసి, కొత్త నూనె పోసుకుని బయల్దేరి, ఎండ తగ్గేసరికి గిద్దలూరు చేరాం. ఆ రోజు అవ్వ ముఖంలో ఉన్న సంతోషం నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చూడలేదు.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. దొరసాని ఇంకా మా వాకిట్లోనే ఉంది, దాని కింద పలకా ఉంది. వయసైపోయింది కదా, ఎన్ని సీళ్ళు మార్చినా ఏదో ఒక పూట ఒక చుక్క రాలుస్తుంది. మా ఆవిడ దాన్ని ఎప్పుడు అమ్మేద్దామా అని చూస్తోంది. అందుకని పొద్దున్నే ఆవిడకంటే ముందు లేచి, భుజం మీది తువ్వాలుతో పలకను శుభ్రంగా తుడిచేస్తాను. మొన్న ఉతికిన బట్టలు ఆరేస్తూ "ఏందండీ ఇది, మీ తువ్వాళ్ళన్నిటికీ నల్ల మరకలు?" అని అడిగింది.

నేను పెరటి వైపు తల తిప్పి, "ఈ యేడు జామకాయలు బాగా కాసినయ్యే" అన్నాను.