పచ్చరంగులో పడిన పత్తి చేను

ముందే చెబుతున్నాను, నా మాటల్లో సగానికి పైగా గాలి ఉంటుంది. నిన్న దిల్‌సుఖ్‌నగర్‌లో పరుపులు కుట్టే దుకాణం ముందు దూది నలుసొకటి ముక్కులోకి దూరింది. నేను తుమ్మిన తుమ్ముకు పైనున్న మెట్రో స్టేషను ఒకసారి సర్దుకుని నిలబడింది. ఆ నలుసు వెంటే యాదగిరి అన్న గుర్తుకొచ్చాడు.

కర్మన్‌ఘాట్‌లో నేను కిరాయికున్న ఇంటి యజమాని ఆయన. నాదర్‌గుల్ దాటాక ఆయన పొలం, అందులో ఏటా పత్తి. ఉన్నదాన్ని ఊదిపెంచడం నాకు నేర్పింది ఆయనే. "మా పత్తి పగిలిందంటే ఊరంత తెల్లగైతది సారూ. మొన్న ఇమానం నడుపుడు నేర్చుకునే పిలగాడు మబ్బనుకొని అండ్లకే దూరిండు" అనేవాడు, మొహంలో ఒక్క నరం కదలకుండా.

ప్రభుత్వం వేసిన కొత్త పటంలో ఆయన పొలం పచ్చరంగులో పడింది. అంటే అక్కడ సేద్యమే చేయాలి, ప్లాట్లు చేయకూడదు. పొలం అమ్మమనే బేరగాళ్ల పోరుతో విసిగిపోయిన యాదగిరి అన్న వీధి మొత్తానికి, కుక్కలతో సహా, పేడాలు పంచాడు. "ఇగ నా పత్తిని ఎవ్వడు కదిలియ్యలేడు" అన్నాడు. పొలాన్ని నిజంగానే ఎవరూ కదిలించలేదు. కానీ ఆ రంగు పడని చుట్టుపక్కల చేలన్నీ వెంచర్లయ్యాయి. మిగిలిన కాస్త పత్తి చాలక, గింజ తీసి దూది చేసే జిన్నింగ్ మిల్లు మూతపడింది. పత్తి ఏరే ఆడవాళ్లు అపార్ట్‌మెంట్ల పనికి మళ్లారు.

ఆ ఏడు చేనంతా పగిలి ఏరేవాళ్ల కోసం నిలబడి ఉంది. పైన మబ్బు. యాదగిరి అన్న నన్ను వెంటబెట్టుకుని ఎల్బీనగర్ కూలీల అడ్డాకు పోయాడు.

"పత్తి ఏరుడా? నడుములు పోతయి పెద్దయ్యా" అంది టిఫిన్ డబ్బా పట్టుకున్న ఒకామె.

"ఆటో కిరాయి నేనే పెడ్త బిడ్డా. చాయ్ తాపిస్త."

"మాది నల్గొండల పత్తి చేనే. గది ఇడిసిపెట్టే ఈడికొచ్చినం. మల్ల గందుకే పిలుస్తవా?"

అడ్డా అంతా నవ్వింది. ఒక్కరూ ఆటో ఎక్కలేదు.

వాన వెలిశాక చేనుకు పోయాం. దూది నల్లబడి, తడి గుడ్డపేలికల్లా వేలాడుతోంది. "ఎట్లుంది అన్నా?" అన్నాను. ఏనుగంత జవాబు కోసం ఎదురుచూశాను.

"పోయింది" అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, "రాస్తవు గదా సారూ, జర పెంచి రాయి" అన్నాడు.

మరుసటేడు ఆయన విత్తనం వేయలేదు. ఇప్పుడు ఆయనే లేడు. పటంలో ఆ పొలం ఇంకా పచ్చగానే ఉంది, నేల మీద సర్కారు తుమ్మ మొలిచింది. ఏది రాయడానికి కూర్చున్నా పెంచి రాయమన్న ఆ మాటే నాకు అనుమతి. అదొక్కటీ నేను కల్పించుకున్నాను, భుజం మీది చెయ్యితో సహా. "పోయింది" తర్వాత ఆయన ఇంకేమీ అనలేదు.