పున్నమ్మను దీవిలో పిలిచిన వైనం

ఆఁ, మొన్న ఎక్కడ ఆపాం? పున్నమ్మ విమానం ఎక్కిందా లేదా అన్న దగ్గర కదూ? ఎక్కింది. ఎక్కక ఏం చేస్తుంది, మొగుడు బుల్లయ్య అప్పటికే కొత్త చెప్పులు తొడుక్కుని, సంచి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంటే! కానీ గడప దాటేముందు ఒక మాట అంది.

"నేను వాళ్ల ఆడపడుచుగా రావట్లా. టిక్కెట్టు తీశారు కాబట్టి వస్తన్నా. బస్సులో ఎవరి పక్కనో కూర్చున్నట్టు కూర్చుంటా, అట్టాగే దిగి ఇంటికొస్తా."

"కూర్చో. కిటికీ పక్కన మాత్రం నేను కూర్చుంటా" అన్నాడు బుల్లయ్య.

మొన్న లేనివాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. పున్నమ్మ పుట్టింది పొదిలి పక్కన, మెట్టింది పర్చూరు పక్కన. మిరపకాయల మధ్య పుట్టి మిరపకాయల మధ్యే ముసలిదైన మనిషి. కల్లంలో కాయలు ఎండబోసిన రోజుల్లో ఆమె కేక వేస్తే పక్క కల్లంలో కూలీలు కూడా వంగి పని చేసేవాళ్లు. తండ్రి యలమందయ్య పొలం తమ్ముడు వీరబాబుకి పోయింది, పున్నమ్మ అడగలేదు. తల్లి ఇత్తడి సామానంతా మరదలు కోటేశ్వరికి పోయింది, అదీ అడగలేదు. పుట్టింట్లో తనదని ఆమె అట్టే పెట్టుకున్నది ఒక్కటే. పిలుపు. ఆ ఇంట్లో పెళ్లయినా, గృహప్రవేశమైనా, చంటిదానికి చెవులు కుట్టించినా ముందుగా కోటేశ్వరి వచ్చి, నొసట బొట్టు పెట్టి, "మీరు తప్పకుండా రావాలి వదినా" అనాలి. అప్పుడు పున్నమ్మ "చూస్తాలే, ఇక్కడ పనులు ఎవరు చేస్తారు" అని బెట్టు చేసి, మర్నాడే బట్టలు ఇస్త్రీకి ఇచ్చేది.

ఈసారి అలా జరగలేదు. కోటేశ్వరి కొడుకు త్రినాథ్‌కి హైదరాబాదులో పెద్ద కంపెనీలో ఉద్యోగం. ఉద్యోగులను సంతోషంగా ఉంచడమే అతని ఉద్యోగం. అక్కడ ఎవరు ఎంత సంతోషంగా ఉన్నారో తెలియదు గాని, ఆ అలవాటు ముదిరి చుట్టాల మీద పడ్డాడు. యలమందయ్యగారి సంతానం, సంతానపు సంతానం అంతా కలిసి అండమాన్లో హేవ్‌లాక్ దీవికి వెళ్లాలని వాట్సాప్ గ్రూపులో ప్రకటించాడు. అందరూ బొటనవేళ్లు చూపించారు. పున్నమ్మ ఫోను టింగుమంది. ఆమె చూసి పక్కన పెట్టేసింది.

"అత్తా, గ్రూపులో చూశావా? కుంకుమ భరిణె బొమ్మ కూడా పెట్టాగా!" అని త్రినాథ్ ఫోన్ చేశాడు.

"చూశాన్రా. ఆ బొమ్మలో వేలు ముంచి పెట్టుకుందామని చూశా, రాలా" అంది పున్నమ్మ.

కోటేశ్వరి దగ్గరికి ఈ కబురు వెళ్లింది. ఆమె కూడా తక్కువ తినలేదు. "పెళ్లికి బొట్టు, పేరంటానికి బొట్టు. టూరుకి బొట్టేందంట? రేపు మార్కెట్టుకి పోయి వంకాయలు తెచ్చుకోవాలన్నా నేను గుంటూరు నుంచి పర్చూరు పోయి బొట్టు పెట్టి రావాలా?" అంది. ఇక అక్కడ పీటముడి పడింది.

సరే, దిగారు దీవిలో. చెన్నై దాకా ఒక విమానం, అక్కడి నుంచి ఇంకొకటి, ఆ తర్వాత ఓడ. ఓడలో సగం మంది కవర్లు పట్టుకుని వాంతులు, మిగతా సగం మంది వాళ్లని వీడియో తీయడం. రిసార్టు గుమ్మంలోనే త్రినాథ్ అందరికీ టీషర్టులు పంచాడు. ముందువైపు 'యలమందయ్యగారి వంశం', వెనకవైపు యలమందయ్యగారి ఫోటో. తలపాగాతో సహా. బుల్లయ్య పంచె మీద టీషర్టు వేసుకుని పెళ్లికొడుకులా తిరిగాడు. పున్నమ్మ దాన్ని తిప్పి చూసింది.

"మా నాన్న మొహం ఈపుకి కట్టుకుని కుర్చీల్లో ఆనుకుంటారంట్రా! బతికున్నప్పుడు ఆయన ముందు కూర్చునే ధైర్యం ఎవడికన్నా ఉందా?" అని మడిచి దిండు కింద పెట్టేసింది.

ఇక అక్కడ మనవాళ్ల విహారం చూడాలి. అద్దంలాంటి నీళ్లు, తెల్లటి ఇసక. వీరబాబు ఆ ఇసక గుప్పెట్లోకి తీసుకుని, నలిపి, "ఇందులో డ్రిప్పు పెడితే మిరప వస్తదంటావా బావా?" అని బుల్లయ్యని అడిగాడు. ఇద్దరూ మోకాలి లోతు సముద్రంలో నిలబడి మిరపకి పట్టే నల్లి తెగులు గురించి గంటసేపు మాట్లాడుకున్నారు. రంగురంగుల చేపలు వాళ్ల కాళ్ల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయి వెళ్లిపోయాయి. ఆడవాళ్లేమో, "మన వాడరేవు ఇంతకంటే బాగుంటది, బజ్జీలన్నా దొరుకుతాయి" అని తేల్చేశారు. ఇంత దూరం వచ్చింది వాడరేవుని మెచ్చుకోవడానికన్నట్టు.

పున్నమ్మ మాత్రం మాట మీద నిలబడింది. ఆటలకి రాలేదు. పాటలకి రాలేదు. భోజనాల దగ్గర కిటికీ పక్క చిన్న బల్ల చూసుకుని విడిగా కూర్చుంది. ఆ రిసార్టు కూరలు ఎలా ఉన్నాయంటే, జ్వరం వచ్చి లేచినవాళ్లకి వండినట్టు ఉన్నాయి. మన వంశమంతా మొదటి ముద్దకే దిగాలుపడిపోయింది. అప్పుడు కోటేశ్వరి బ్యాగులోంచి చిన్న స్టీలు డబ్బా తీసింది. మెత్తగా కొట్టించిన కారం! టీషర్టులన్నీ ఆ డబ్బా చుట్టూ మూగాయి. పప్పులో కారం, బంగాళాదుంపల్లో కారం, ఒకాయన పుచ్చకాయ ముక్క మీద కూడా చల్లుకున్నాడు. పున్నమ్మ ముక్కుకి ఆ వాసన తగిలింది. నోట్లో నీళ్లూరాయి. అయినా లేవలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ కారం లేని ముద్ద ఎత్తని మనిషి, పచ్చటి పప్పు చప్పచప్పగా మింగుతూ, "చాలా బాగుంది" అని వడ్డించే కుర్రాడితో గట్టిగా చెప్పింది, అందరికీ వినపడేలా.

వీరబాబు పళ్లెం పట్టుకుని అక్క దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నేను పిలుస్తన్నాగా. రా, అందరితో కూర్చో."

"మగోడి పిలుపు పిలుపేందిరా? ఇంటి ఆడది రావాలి."

"అదేమో రానంటది. నువ్వేమో రానంటావు. మధ్యలో నేనేం చెయ్యాలే?"

"అన్నం తిను. చల్లారిపోద్ది" అంది పున్నమ్మ.

అంతటితో పోతే బాగుండేది. కానీ చివరి రోజు సాయంత్రం ఫోటో ఉంది. అసలు ఈ యాత్రంతా ఆ ఒక్క ఫోటో కోసమే. సూర్యుడు సముద్రంలో దిగుతుంటే వంశమంతా నీళ్ల అంచున నిలబడాలి, పైన డ్రోను తిరగాలి. దాన్ని గోడంత చేయించి గుంటూరు ఇంట్లో హాల్లో తగిలిస్తారట. ఆ మాట విన్నప్పటి నుంచి పున్నమ్మకి కుదురు లేదు. వచ్చేపోయే వాళ్లంతా చూస్తారు. యలమందయ్య మనవలు, మునిమనవలు, చివరికి మనవరాలి పెంపుడు కుక్క కూడా ఉంటుంది, యలమందయ్య పెద్దకూతురు మాత్రం ఉండదు. పోనీ వెళ్లి నిలబడితే? పిలవకుండా వచ్చి నిలబడిందని ఆ గోడ మీద ఎప్పటికీ ఉంటుంది. ఎటూ తోచక, మధ్యాహ్నం భోజనం కాగానే మిరపపండు రంగు పట్టుచీర కట్టుకుని, జడ వేసుకుని, గది ముందు వరండాలో సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది.

త్రినాథ్ భార్య జ్యోతిర్మయి అది చూసింది. చూసి అత్తగారి దగ్గరికి పరుగెత్తింది.

"అత్తయ్యా, పెద్దత్తయ్యగారు పట్టుచీర కట్టుకుని కూర్చున్నారు."

"ఎప్పట్నుంచి?"

"భోజనాలప్పట్నుంచీ అంట. బుల్లయ్య మావయ్యగారు చెప్పారు."

కోటేశ్వరి చప్పున నవ్వింది. ఆ తర్వాత నవ్వు ఆపి కొంగు సర్దుకుంది. "సర్లే. నాదేం పోయింది. కుంకుమ తే" అంది.

అక్కడ పడింది వంశం చిక్కులో. పెట్టెలు విప్పారు, బ్యాగులు బోర్లించారు. అందరి దగ్గరా స్టిక్కర్లే. గుండ్రం స్టిక్కర్లు, పొడుగు స్టిక్కర్లు, రాళ్లు పొదిగిన స్టిక్కర్లు. సన్‌స్క్రీన్ సీసాలు డజన్ల కొద్దీ ఉన్నాయి, మాడిపోయిన మొహాలకి రాసుకునే జెల్లు ఉంది, కుక్కకి లైఫ్ జాకెట్ ఉంది. చిటికెడు కుంకుమ లేదు. ఫోటోగ్రాఫరేమో, "సార్, సన్ పోతున్నాడు సార్" అని మొత్తుకుంటున్నాడు. ఆ కంగారులో జ్యోతిర్మయి అత్తగారి బ్యాగు అడుగున చెయ్యి పెట్టి, చిన్న స్టీలు డబ్బా మూత తీసి, ఎర్రగా కనిపించేసరికి "దొరికింది!" అని కేకపెట్టి తెచ్చి ఇచ్చింది.

బుల్లయ్యతో సహా అందరూ వరండా ముందు చేరారు. కోటేశ్వరి ఫోటో కోసం కళ్లజోడు తీసేసి ఉంది. పొద్దున గొట్టం నోట్లో పెట్టుకుని సముద్రంలో మునిగొచ్చినప్పటి నుంచి ఆమెకి ముక్కు దిబ్బడ. డబ్బాలో ఉంగరంవేలు ముంచి మెట్టెక్కింది.

"వదినా, ఫోటో దిగుతున్నాం. మీరూ అన్నయ్యగారూ తప్పకుండా రావాలి."

అదే మాట. అదే వరస. పున్నమ్మ లేచి నిలబడింది. వేలు మూరెడు దూరంలో ఉండగానే ఆమెకి వాసన తెలిసింది. ఇన్నేళ్లు కల్లంలో బతికిన ముక్కుకి తెలియకుండా ఎలా ఉంటుంది? అది కుంకుమ కాదు. కారం.

ఒక్క మాట అంటే చాలు, వేలు ఆగిపోతుంది. ఆగితే ఏమవుతుంది? అందరూ నవ్వుతారు. కోటేశ్వరి "ఇంకేం, కుంకుమ లేదుగా" అని దిగిపోతుంది. సూర్యుడు మునిగిపోతాడు. ఫోటో అయిపోతుంది. పిలుపు సగంలో ఉండిపోతుంది. పున్నమ్మ నోరు మూసుకుని, నొసలు ఇంకాస్త ముందుకు పెట్టింది.

దీవి ఎండ, పట్టుచీర, చెమట. బీచి దాకా నడిచేసరికి కారం తడిసి, కనుబొమల మీదుగా కళ్లలోకి దిగింది. తమ్ముడి పక్కన నిలబడేసరికి పున్నమ్మ కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. అది చూసి వీరబాబు ఆగలేకపోయాడు. "అక్కా!" అని భుజం పట్టుకుని బావురుమన్నాడు. అతన్ని చూసి కూతుళ్లు, కూతుళ్లని చూసి అల్లుళ్లు, వరసగా వంశమంతా ఏడుపు. ఎందుకు ఏడుస్తున్నదీ ఎవరికీ తెలియదు, పున్నమ్మకి తప్ప. ఫోటోగ్రాఫర్ ఇసకలో బోర్లా పడుకుని, "సూపరమ్మా! అలాగే ఏడవండి! ఎమోషన్ బ్రహ్మాండంగా ఉంది!" అని అరిచాడు. బుల్లయ్య జాలిపడి తువ్వాలుతో పెళ్లాం మొహం తుడిచాడు. ఉన్నది కాస్తా మొహమంతా పులిమాడు. ఆమె తట్టుకోలేక వంగి సముద్రపు నీళ్లు మొహాన కొట్టుకుంది. ఇక చెప్పేదేముంది, ఆవకాయ కలిపినట్టే అయింది.

ఆ వీడియోకి త్రినాథ్ సన్నాయి సంగీతం కలిపి, 'మేనత్త ఆనందబాష్పాలు' అని పేరు పెట్టి లోకం మీదికి వదిలాడు. ఊళ్లో మిరపకాయలు తొడిమలు తీసే ఆడవాళ్లు కూడా చూశారు. "ఎంతగా కరిగిపోయావు పున్నమ్మక్కా!" అంటే ఆమె ఊఁ కొడుతుంది. గుంటూరులో గోడ మీద ఫోటో వెలిసింది. వచ్చిన ప్రతివాళ్లూ కోటేశ్వరితో, "ఆడపడుచుని అలా చూసుకోవాలమ్మా" అంటున్నారు. కోటేశ్వరి తల వంచుకుని, "మా వదిన మనసు వెన్న" అంటోందట.

పున్నమ్మ ఈ కారం సంగతి ఎవరికీ చెప్పలేదు. బుల్లయ్యకి కూడా చెప్పలేదు. మొన్న మా ఇంటికి వచ్చి, కాఫీ చల్లారిపోయేదాకా కూర్చుని చెప్పింది.

"టీచరుగారూ, దాని డబ్బా, దాని కారం. రోజూ దాంట్లో వేలు పెట్టి చల్లుకున్న మనిషి. దానికి తెలీకుండా ఉంటదా?"

"కళ్లజోడు లేదన్నావు. ముక్కు దిబ్బడన్నావు."

"అన్నా. అయినా వేలు చీర కొంగుకి తుడుచుకునేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుందండీ. నవ్వుకుందో ఏమో నాకు కనపళ్లా, అప్పటికే కళ్లు మండిపోతన్నాయి. తెలిసి పెడితే అది బొట్టు కాదు. బొట్టు కాకపోతే నన్ను ఎవరూ పిలవనట్టే. పిలవకుండా పోయి ఆ గోడెక్కి కూర్చున్నట్టే. తెలీక పెడితే మాత్రం పిలిచినట్టే, కారమైనా సరే."

"నువ్వే అడగొచ్చుగా."

"నేనడిగితే, తెలిసి ఎందుకు నిలబడ్డావు వదినా అంటది. అప్పుడు నేనేం చెప్పను? మీ దగ్గర చదువుకుందిగా. మీరడగండి. మీకు అబద్ధం చెప్పదు."

చదువుకున్న రోజుల్లో కోటేశ్వరి చెప్పిన అబద్ధాలన్నీ నాకే చెప్పింది. అయినా పున్నమ్మ మొహం చూసి సరేనన్నాను. రేపు పొద్దున టిఫిన్లయ్యాక, ఇంట్లో మగాళ్లు బయటికి పోయాక, కోటేశ్వరికి ఫోన్ చేస్తాను. ముందు ఫోటో చాలా బాగుందని మెచ్చుకుంటాను. ఆమె పొంగిపోయి దీవి కబుర్లు మొదలుపెడుతుంది. పెట్టనిస్తాను. ఆ తర్వాత నెమ్మదిగా, ఆ డబ్బాలో కారం ఏ కాయలతో కొట్టించావమ్మా అని అడుగుతాను. జవాబు ఏం చెప్పినా నాకు పనిలేదు. చెప్పేముందు ఎంతసేపు ఆగుతుందో వింటాను.