బార్ పక్కింటి అరుగు

"పాటలు కాదండీ. పాటలు బార్‌వాడు ఎప్పుడో కట్టేస్తాడు. నాకు నిద్ర పట్టనివ్వంది మాటలు."

ఎక్సైజ్ ఆఫీసులో విచారణ అధికారి ముందు నిలబడి మా వీధి టిఫిన్ల పిన్ని అన్న మాట అది. బార్ యజమాని తరఫు వకీలు స్పీకర్ల గురించి తెచ్చుకున్న కాగితాలు చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు. పిన్ని పేరు మీద ఫిర్యాదు రాసిన పరుపుల దుకాణం సాయిబుగారు తల వంచుకుని గడ్డం నిమురుకున్నారు. దాని కింద సంతకాలు పెట్టిన ఇరుగుపొరుగులో నేనూ ఒకణ్ణి. మేమందరం ఫిర్యాదు చేసింది పాటల మీదే.

"ఎవరి మాటలమ్మా?" అధికారి అడిగాడు.

"రైతులవండీ."

"బార్‌లో తాగినవాళ్లేనా?"

"తాగినవాళ్లూ ఉంటారు, తాగనివాళ్లూ ఉంటారు. బార్ మూసేశాక వచ్చి కూర్చుంటారు."

"ఎక్కడ కూర్చుంటారు?"

పిన్ని మా వైపు ఒకసారి చూసి, "మా అరుగు మీద," అంది.

వకీలుకు ప్రాణం లేచొచ్చింది. "ఆ అరుగు మా క్లయింటు లైసెన్సు హద్దుల్లోది కాదు సార్. అది ఫిర్యాదుదారు ఇల్లు."

మా వీధి గుంటూరు మిర్చి యార్డుకు నడిచిపోయేంత దూరంలో ఉంటుంది. పిన్ని వయసులో నాకంటే చిన్నదే అయినా వీధంతటికీ పిన్నే. ఆమె మామగారు ఆ ఇంట్లో టీ కొట్టు నడిపేవారు. పాత ఇల్లు పడగొట్టి కట్టించేటప్పుడు ఆయన అరుగు వెడల్పుగా వెయ్యమన్నారని, మేస్త్రి లోపల గది ఇరుకైపోతుందంటే, "ఇరుకైతే అయింది. లోపల పడుకునేది మేం నలుగురం. యార్డుకొచ్చి బయట పడుకునే రైతులు ఎంతమందో నీకు తెలుసా?" అన్నారని వీధిలో చెప్పుకునేవారు.

నేను పత్రికలో చేరిన కొత్తలో నాకప్పగించిన పని మిర్చి ధరలు. యార్డులో చెప్పే ధర ఒకటుండేది, అరుగు మీద వినపడే ధర మరొకటి ఉండేది. అందుకని సాయంత్రం యార్డు నుంచి నేరుగా అక్కడికే వచ్చి, గాజు గ్లాసులో టీ పట్టుకుని ఒక మూల కూర్చునేవాణ్ణి. ప్రత్తిపాడు వైపు నుంచి, దర్శి వైపు నుంచి వచ్చిన రైతులు తలగుడ్డలు విప్పి దులుపుకుంటుంటే ఎర్రటి దుమ్ము లేచేది. కొత్తగా వచ్చినవాళ్లు తుమ్మేవాళ్లు. వీధివాళ్లకు ఆ ఘాటు తెలిసేదే కాదు.

"ఏరా, నీ సరుక్కి ఏమన్నాడ్రా వ్యాపారి?"

"తాలు కాయ ఎక్కువుందంట, తెల్లబారిపోయిందంట."

"కాయల్లో కాదురా, వాడి కళ్లల్లో ఉంది తాలు. నాదాన్నీ అదే మాటన్నాడు."

"మరి ఇచ్చేశావా?"

"ఇవ్వక? టిక్కీ బస్తాలన్నీ ఇంటికి తోలుకెళ్లి పచ్చడి పెట్టించమంటావా మీ వదినతో?"

అరుగంతా ఘొల్లుమనేది. పక్కపక్కనే కూర్చుని కూడా వాళ్లు ఈ గట్టు మీంచి ఆ గట్టు మీది మనిషిని కేకేసినట్టే మాట్లాడుకునేవాళ్లు. రాసుకోవడానికి చెవి రిక్కించాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు.

పిన్ని పొన్నూరు దగ్గర పల్లె నుంచి ఆ ఇంటికి కోడలుగా వచ్చింది. వరి చేల మధ్య పెరిగిన పిల్ల. వచ్చిన కొత్తలో ఒక రోజు అరుగు మీద కేకలు విని, బయట తలలు పగులుతున్నాయని అత్తగారి దగ్గరికి పరుగెత్తిందట. "పోట్లాట కాదమ్మా, పలకరించుకుంటున్నారు," అందట ఆవిడ. ఆ మాట పిన్నే నవ్వుతూ చెప్పేది. తర్వాత తర్వాత సీజను అయిపోయి అరుగు ఖాళీ అయినప్పుడే తనకు నిద్ర పట్టేది కాదని కూడా చెప్పేది.

మామగారు పోయారు, ఆ తర్వాత భర్తా పోయాడు. టీ కొట్టు టిఫిన్ల కొట్టయింది. తెల్లవారక ముందే లేచి పొయ్యి వెలిగిస్తుంది. మొదటి వాయ ఇడ్లీలు తినేది అరుగు మీద పడుకుని లేచిన రైతులే. పక్కన కమీషన్ వ్యాపారి గోడౌన్ ఉండేది. ఆయన వ్యాపారం మానుకున్నాక మా వీధి కుర్రాడే ఒకడు దాన్ని తీసుకుని బార్ పెట్టాడు. కుర్రాడని అలవాటు కొద్దీ అంటున్నాను, వాడికిప్పుడు జుట్టు నెరిసింది.

సరుకు అమ్ముడైన రైతు ఇప్పుడు వీధిలో ఆగడు. వచ్చిన బండిలోనే సాయంత్రానికి ఊరు చేరుకుంటాడు. ఉండిపోయేది కాయ అమ్ముడుపోనివాడు, చెప్పిన ధరకు మనసొప్పనివాడు. వాళ్లే బార్‌లో కూర్చుంటారు, అది మూశాక అరుగెక్కుతారు. వెనకటి రోజుల్లో మాట్లాడి మాట్లాడి నిద్రపోయేవాళ్లు. ఇప్పుడు మాట తెగదు. ఒకే ధర గురించి, ఒకే వ్యాపారి గురించి మళ్లీ మళ్లీ మొదలవుతుంది. పిన్నికి రక్తపోటు వచ్చింది. నిద్రయినా పోవాలి, కొట్టయినా మూసెయ్యాలి అని డాక్టరు చెప్పాడు. ఆ కొట్టు తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు.

"పరుపు నేను కుట్టివ్వగలను గానీ నిద్ర నా చేతిలో లేదు చెల్లెమ్మా," అని సాయిబుగారు ఫిర్యాదు రాయడానికి పూనుకున్నది అందుకే. బార్ పక్కన నిద్ర పట్టడం లేదంటే పాటల వల్లే కదా అనుకుని అలాగే రాశారు. మేమూ అలాగే అనుకుని సంతకాలు పెట్టాం. ఏ శబ్దమని ఆమెను ఎవరం అడగలేదు.

ఆఫీసులో అధికారి, "అరుగుకు గ్రిల్ పెట్టించుకోండమ్మా. ఎవరూ ఎక్కకుండా ఉంటారు," అన్నాడు.

"నేను పెట్టిస్తా పిన్నీ," వకీలు పక్కనే ఉన్న బార్ యజమాని వెంటనే అందుకున్నాడు.

"ఒరేయ్, రాత్రి తరిమేసి పొద్దున్నే ఇడ్లీ తినడానికి రమ్మంటే ఎవడొస్తాడ్రా? గ్రిల్‌కి పెడతానా చట్నీ?"

"అయితే లైసెన్సు తీసెయ్యమంటారా?" అన్నాడు అధికారి.

"తీసేస్తే మాత్రం వాళ్లు తాగడం మానేస్తారా బాబూ? ఎక్కడో తాగొస్తారు. కూర్చునేది మళ్లీ మా అరుగు మీదే."

"మరి మీరు కోరేదేంటమ్మా?"

"కాస్త నెమ్మదిగా మాట్లాడుకోమని చెప్పండి."

"అదే సార్, మేమందరం చెప్పేదీ అదే!" అని సాయిబుగారు లేచి గట్టిగా అన్నారు. బార్ యజమాని, "నేను చెప్పలేదా పిన్నీ, రోజూ చెప్పట్లేదా!" అని అంతకంటే గట్టిగా అందుకున్నాడు. లోపల ఏదో గొడవ అయిందనుకుని అటెండరు తలుపు తోసుకొచ్చాడు.

"ఏం లేదు, వెళ్లు," అని అతన్ని పంపించి, అధికారి మా వైపు తిరిగాడు. "ముందు మీరు నెమ్మదిగా మాట్లాడండి."

నవ్వులయ్యాక ఆయన విషయం విడమరిచి చెప్పాడు. లైసెన్సు షరతులు గేటు లోపల జరిగేవాటికి వర్తిస్తాయి. బయట అరుగు మీద కూర్చున్న మనిషి గొంతు తగ్గించే షరతు ఆయన చేతిలో లేదు. అప్పుడు బార్ యజమాని ఒక దారి చెప్పాడు. బార్ వెనక పాత గోడౌన్ షెడ్డు ఖాళీగా ఉంది. కమీషన్ వ్యాపారి ఉన్న రోజుల్లో అరుగు చాలనప్పుడు రైతులు అందులోనే పడుకునేవాళ్లు. మళ్లీ అక్కడే పడుకోనిస్తే పిన్నికి మాటలు వినపడవు, పొద్దున్నే ఇడ్లీకి మనుషులూ ఉంటారు. పిన్ని ముఖం విప్పారడం నేను చూశాను.

"షెడ్డు మీ లైసెన్సు ప్లానులో ఉందా?" అధికారి అడిగాడు.

వకీలు కాగితాలు తిరగేసి, ఉందన్నాడు.

ఉంటే బార్ మూశాక అందులో ఎవరూ ఉండకూడదు. ప్లాను నుంచి తీసెయ్యాలంటే పైఆఫీసు ఒప్పుకోవాలి. రాసి పంపిస్తానన్నాడు అధికారి.

తిరిగి వచ్చేటప్పుడు పిన్నీ, సాయిబుగారూ, నేనూ ఒకే ఆటో ఎక్కాం. యార్డు దగ్గరికి వచ్చేసరికి గాలిలో ఘాటు తగిలింది. పిన్ని సాయిబుగారి వైపు తిరిగింది.

"ఆ రోజుల్లో ఇంతకంటే గట్టిగా అరిచేవాళ్లు కదా అన్నయ్యగారూ. ఎలా నిద్రపోయేదాన్నో!"

"అప్పుడు నీకు ఇరవయ్యేళ్లు చెల్లెమ్మా," అన్నారు సాయిబుగారు.

పిన్ని నవ్వింది. ఆ అరుగు మీద అత్తగారు దుప్పట్లు పంచేదని, దర్శి నుంచి వచ్చే ఒక ముసలాయన ప్రతి సీజనుకూ పిన్నికి కొత్త కాయ తెచ్చి పెట్టేవాడని, ఇల్లు వచ్చేదాకా చెబుతూనే ఉంది.

అది కిందటి సీజను చివర్లో సంగతి. షెడ్డు సంగతి పైఆఫీసు ఇంతవరకు ఏమీ తేల్చలేదు. అప్పటిదాకా నడుపుకోమని బార్ లైసెన్సు పొడిగించారు. యార్డుకు కొత్త కాయ రావడం మొదలైంది. ఈ సీజను కొట్టు నడుపుతుందో, డాక్టరు చెప్పినట్టు మూసేస్తుందో పిన్ని ఇంకా ఎవరికీ చెప్పలేదు.