ఎండు నెత్తళ్ళ సంచీలో పరికరం

బరంపురంలోని ఓ లేబ్‌లో నేను తయారుచేసిన పరికరం కుళ్ళిన చేపని పసిగడుతుంది. అందులో కంటికి కనబడనంత సన్నని కార్బన్ గొట్టాలుంటాయి. వాటికి పూసిన రసాయనం కుళ్ళు ఆవిరికి తప్ప మరి దేనికీ చలించదు. ఈ ఒక్క మాట చెప్పి మా ప్రొఫెసరు ఎన్ని శాలువాలు కప్పించుకున్నారో లెక్కలేదు.

ఓ రోజు ఆయన కెమెరానీ నన్నూ వెంటబెట్టుకుని గోపాల్‌పూర్ రేవుకి బయల్దేరారు. అక్కడ మా పిన్ని చేపలమ్ముతుంది. అప్పుడే పడవ దిగిన వంజరం చేప దగ్గర పరికరం పెడితే ఎర్ర లైటు వెలిగింది. చందువా దగ్గరా అంతే. "అన్నీ పాడైపోయాయి" అని ఆయన కెమెరాకేసి తీర్పు చెప్పేశారు. బేరమాడుతున్నవాళ్ళు మెల్లగా జారుకున్నారు.

పిన్ని మొప్ప ఎత్తి చూపించింది. మందారంలా ఎర్రగా, తాజాగా ఉంది. ఆయన మొప్పని చూడలేదు, లైటునే చూశారు. పిన్ని మాత్రం నా సంచీకేసి చూసింది. హాస్టల్లో తినమని తను కట్టిచ్చిన ఎండు నెత్తళ్ళ పొట్లం ఇంకా అందులోనే ఉంది. ఎండుచేప నుంచీ అదే కుళ్ళు ఆవిరి వస్తుంది. పరికరాన్నీ ఆ సంచీలోనే తెచ్చాను.

"కంపు మీ సంచీలో ఎట్టుకొచ్చి నా సేపకి పేరెడతారేటి బాబూ?" అంది పిన్ని ఆయనతో.

పరికరాన్ని కాసేపు గాలికి ఉంచి మళ్ళీ అదే వంజరం దగ్గర పెడితే ఆకుపచ్చ లైటు వెలిగింది. అప్పటికి కెమెరా కట్టేశారు. రిపోర్టులో తప్పంతా సముద్రపు తేమ మీదికి తోశాం. సముద్రం వచ్చి మొప్ప ఎత్తి చూపించదు కదా!